ఆర్ఎన్ఏ వైద్యం మన గడప తొక్కాలంటే

2025 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు రోష్ కంపెనీ అప్పీలును తోసిపుచ్చింది. రిస్డిప్లామ్ అనే మందును హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా తయారుచేసి అమ్మకుండా ఆపాలన్నది రోష్ అభ్యర్థన. ఆ ఏడాది మార్చిలో ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి, అక్టోబర్ 9న డివిజన్ బెంచ్ అందుకు ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోననడంతో నాట్కో మందు మార్కెట్లోకి వచ్చింది. అప్పటిదాకా ఒక్కో సీసా 6 లక్షల రూపాయల పైమాట. నాట్కో సీసా గరిష్ఠ చిల్లర ధర 15,900.

వెన్నుపాములోని నాడీకణాలు చచ్చిపోయి కండరాలు క్షీణించే పుట్టు జబ్బు ఒకటుంది. పేరు స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ, డాక్టర్లు ఎస్ఎంఏ అంటారు. రిస్డిప్లామ్ దానికి వాడే మందు. కోర్టు తీర్పు పత్రికల్లో పేటెంట్ వార్తగా వచ్చి వెళ్లిపోయింది. అయితే ఈ మందుకు మరో ప్రాముఖ్యం ఉంది. ఇది పనిచేసేది ఆర్ఎన్ఏ మీద. జన్యువు జోలికి పోకుండా, ఆ జన్యువు నుంచి కణం రాసుకునే ప్రతిని సరిచేసి జబ్బును అదుపు చేయొచ్చని నిరూపించిన కొద్ది మందుల్లో ఇదొకటి. మన కాలపు వైద్యంలో వచ్చిన అతి పెద్ద మలుపు ఇదేనని నా నమ్మకం. ఆ మలుపులో తెలుగు నేలకు ఇప్పటికే కొంత పాత్ర ఉంది. అంతకంటే పెద్ద పాత్ర పోషించే శక్తీ ఉంది. కొరవడింది ప్రభుత్వాల పట్టుదలే.

తీవ్రమైన ఎస్ఎంఏతో పుట్టిన బిడ్డలో మొదటి వారాల్లో తేడా తెలియకపోవచ్చు. రెండు మూడు నెలలు వచ్చేసరికి మెడ నిలవడం లేదని తల్లి గమనిస్తుంది. కాళ్లాడించడం తగ్గుతుంది, పడుకోబెడితే తొడలు రెండు పక్కలకూ వాలిపోతాయి. ఏడుపు సన్నబడుతుంది. పాలు తాగుతూ తాగుతూనే అలసిపోతుంది. పరీక్షించే డాక్టరుకు నాలుక మీద సన్నటి వణుకు కనిపిస్తుంది, మోకాలి కింద తట్టినా కాలు స్పందించదు. కళ్లు మాత్రం చురుగ్గా ఉంటాయి. మనుషుల్ని గుర్తుపడుతుంది, నవ్వుతుంది. తెలివికి ఏ లోటూ ఉండదు. చికిత్స అందకపోతే ఈ రకం పిల్లల్లో అత్యధికులు రెండేళ్లు నిండకముందే చనిపోతారు, లేదా వెంటిలేటర్ మీద బతకాల్సి వస్తుంది. సుమారు 10 వేల కాన్పులకు ఒక బిడ్డ ఈ జబ్బుతో పుడుతుందని అంచనా. తెలుగు రాష్ట్రాలు రెండింట్లో కలిపి ఏటా 10 లక్షలకు పైగా కాన్పులు జరుగుతున్నాయి. ఆ లెక్కన ఏడాదికి వంద కుటుంబాలైనా ఈ కష్టంలో పడుతున్నాయి.

ఈ జబ్బుకు కారణమైన ఎస్ఎంఎన్1 అనే జన్యువును 1995లో పారిస్‌లో జూడిత్ మెల్కీ బృందం గుర్తించింది. నాడీకణాలు బతకడానికి అవసరమైన ఒక ప్రొటీన్ తయారీకి ఆధారం అదే. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు ప్రతులూ చెడిపోతే ఎస్ఎంఏ వస్తుంది. విశేషమేమిటంటే దాని పక్కనే దాదాపు అచ్చు అలాంటిదే ఎస్ఎంఎన్2 అనే మరో జన్యువు ఉంది. ఇది మనుషులకే ఉంది, ఇతర జంతువుల్లో కనబడదు. ఎస్ఎంఏ పిల్లల్లో ఈ రెండోది చెక్కుచెదరకుండానే ఉంటుంది. మరి అది ఆదుకోదెందుకు?

జవాబు ఆర్ఎన్ఏలో ఉంది. జన్యువు నుంచి మొదట తయారయ్యే ఆర్ఎన్ఏ సినిమాకు షూట్ చేసిన మొత్తం ఫుటేజీ లాంటిది. అక్కర్లేని ముక్కలు కత్తిరించి, కావలసిన ముక్కలు వరుసగా అతికిస్తేనే ప్రొటీన్ తయారీకి పనికొచ్చే మెసెంజర్ ఆర్ఎన్ఏ వస్తుంది. ఈ ఎడిటింగ్‌నే స్ప్లైసింగ్ అంటారు, మిగిలే ముక్కలు ఎక్సాన్లు. ఎస్ఎంఎన్2లోని ఏడో ఎక్సాన్‌లో ఒకే ఒక్క అక్షరం తేడా ఉంది, 'సి' ఉండాల్సిన చోట 'టి' ఉంది. ఆ ఒక్క అక్షరం వల్ల కణం ఏడో ఎక్సాన్‌ను అక్కర్లేని ముక్కగా పొరబడి వదిలేస్తుంది. పది ప్రతుల్లో దాదాపు తొమ్మిదింటిలో ఇదే జరుగుతుంది. ఆ కురచ ప్రతుల నుంచి వచ్చే ప్రొటీన్ నిలవదు. మిగిలిన ఒక్క వంతుతో నాడీకణం నెట్టుకురాలేదు.

కాబట్టి ఏడో ఎక్సాన్ జారిపోకుండా చూడగలిగితే బిడ్డ దగ్గర ఉన్న రెండో జన్యువే మొదటిదాని పని చేస్తుంది. 2006లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో రవీంద్ర సింగ్ బృందం, ఆ ఎక్సాన్‌ను తీసేయమని ప్రేరేపించే చిన్న వరుసను దాని పక్కనే గుర్తించింది. దాన్ని మూసేస్తే ఎక్సాన్ నిలుస్తుంది. న్యూయార్క్ దగ్గరి కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ లేబొరేటరీలో ఏడ్రియన్ క్రైనర్, అయోనిస్ కంపెనీ శాస్త్రవేత్తలు కలిసి ఆ చోట అతుక్కునే 18 అక్షరాల కృత్రిమ ఆర్ఎన్ఏ తరహా పోగును తయారు చేశారు. అదే నుసినెర్సెన్. 2016 డిసెంబర్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. మెడ నిలపలేని పిల్లలు కొందరు కూర్చోగలిగారు. లక్షణాలు కనబడకముందే మందు మొదలుపెట్టిన 25 మంది పసిపిల్లల అధ్యయనంలో అందరూ బతికారు, అత్యధికులు నడిచారు. తీవ్ర రకం ఎస్ఎంఏ చరిత్రలో అంతకుముందు ఊహకైనా అందని ఫలితమిది.

ఇబ్బంది రెండు చోట్ల వచ్చింది. నుసినెర్సెన్‌ను నడుములోకి సూది గుచ్చి వెన్నుపాము చుట్టూ ఉన్న ద్రవంలోకి ఎక్కించాలి. మొదట నాలుగు మోతాదులు, ఆపై నాలుగు నెలలకోసారి జీవితాంతం. అమెరికాలో మొదటి ఏడాది ఖర్చే ఏడున్నర లక్షల డాలర్లు. రిస్డిప్లామ్ మొదటి ఇబ్బందిని తీర్చింది. అదే ఎక్సాన్‌ను నిలబెట్టే పనిని నోటి ద్వారా తాగే మందుగా చేసింది. 2020 ఆగస్టులో అమెరికాలో అనుమతి పొంది, మరుసటి ఏడాది మన దేశానికీ వచ్చింది. రెండో ఇబ్బంది మాత్రం అలాగే ఉండిపోయింది. 20 కిలోలు దాటిన రోగికి రోజుకు 5 మిల్లీగ్రాములు కావాలి. 60 మిల్లీగ్రాముల సీసా పన్నెండు రోజులకు సరి. ఏడాదికి 30 సీసాలు. పాత ధర ప్రకారం, కంపెనీ రాయితీలను పక్కనపెడితే, అది కోటీ 80 లక్షలకు పైమాట. నాట్కో ధరకు అదే 30 సీసాలు 4.8 లక్షల రూపాయలు.

ఈ తేడాను చూసి రోష్‌ను తిట్టిపోయడం తేలిక. పరిశోధనకు వేల కోట్లు ఖర్చవుతాయని, పది ప్రయత్నాల్లో తొమ్మిది విఫలమవుతాయని మందుల కంపెనీలు చెప్పే మాటలో నిజం ఉంది. పేటెంటే లేకపోతే అరుదైన జబ్బుల మీద డబ్బు పెట్టేవారు తగ్గిపోతారు. అయితే కోర్టుల ముందున్న ప్రశ్న వేరు. రోష్ అంతకుముందే ఒక పెద్ద రసాయన కుటుంబం మీద పేటెంట్ తీసుకుంది. అందులోని ఒక అణువులో కార్బన్-హైడ్రోజన్ జంట ఉన్న చోట నైట్రోజన్ పెడితే రిస్డిప్లామ్ వస్తుంది. ఈ మార్పు రంగం తెలిసినవారికి తట్టేదే కాబట్టి రెండో పేటెంట్ చెల్లుబాటు మీద గట్టి సందేహం ఉందని హైకోర్టు ప్రాథమికంగా భావించింది. రెండో పేటెంట్ గడువు 2035 దాకా ఉంది. అన్నేళ్లు ఆగే వ్యవధి ఈ పిల్లలకు లేదు. ఈ విషయంలో మన పేటెంట్ చట్టం, మన న్యాయస్థానాలు చేయాల్సిన పనే చేశాయి.

ఆ పరిశోధన ఎవరి డబ్బుతో జరిగిందో కూడా చూడాలి. స్ప్లైసింగ్ అనే ప్రక్రియ ఉందని 1977లో ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ బృందాలు కనిపెట్టాయి. వారు చూస్తున్నది జలుబు తెప్పించే అడినోవైరస్‌ను. ఏ మందు కోసమూ చేసిన పని కాదది. 1993లో వారికి నోబెల్ వచ్చింది. రిస్డిప్లామ్ అన్వేషణకు తొలి ఊతమిచ్చింది ఎస్ఎంఏ ఫౌండేషన్, ఆ జబ్బున్న బిడ్డ తల్లిదండ్రులు 2003లో స్థాపించిన సంస్థ. ప్రజల పన్నులు, బాధితుల విరాళాలు పునాది వేశాక కంపెనీలు గోడలు కట్టాయి. ధర నిర్ణయించేటప్పుడు పునాది వేసినవారికీ మాట ఉండాలి.

ఆర్ఎన్ఏ పరిశోధన కథంతా ఇదే దారిలో నడిచింది. 1990 ప్రాంతంలో అమెరికాలో రిచర్డ్ జోర్గెన్సన్ బృందం పెటూనియా పూలకు ఊదా రంగు పెంచాలని రంగు జన్యువును అదనంగా చొప్పించింది. కొన్ని పూలు రంగు పెరక్కపోగా తెల్లబోయాయి. కారణం ఎవరికీ అంతుబట్టలేదు. 1998లో ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో ఒక మిల్లీమీటరు పొడవుండే నులిపురుగులో చిక్కుముడి విప్పారు. రెండు పోగులున్న ఆర్ఎన్ఏ కణంలోకి వెళ్తే, దానికి సరిపోలే మెసెంజర్ ఆర్ఎన్ఏను కణమే ముక్కలు చేసేస్తుంది. జన్యువు ఉంటుంది కానీ నోరు మెదపదు. వారికి 2006లో నోబెల్ వచ్చింది. అదే పురుగులో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ 1993లో చూసిన, జన్యువుల నోరు నొక్కే 22 అక్షరాల చిట్టి పోగు మైక్రో ఆర్ఎన్ఏకు నోబెల్ గుర్తింపు రావడానికి 2024 దాకా పట్టింది.

జన్యువు నోరు మూయించే ఈ పద్ధతి ఇప్పుడు మందుగా మన దేశంలోనూ దొరుకుతోంది. చెడు కొలెస్టరాల్‌ను తగ్గించే ఇన్‌క్లిసిరాన్ అలాంటిదే. రక్తంలోని కొలెస్టరాల్‌ను లాగేసుకునే గ్రాహకాలు కాలేయ కణాల మీద ఉంటాయి, వాటిని నాశనం చేసే ప్రొటీన్ పేరు పీసీఎస్‌కే9. పుట్టుకతోనే ఈ ప్రొటీన్ తక్కువగా ఉన్నవారికి గుండెపోట్లు చాలా తక్కువని అమెరికాలో డాలస్ నగరంలో హెలెన్ హాబ్స్, జొనాథన్ కోహెన్ చూపించారు. ఇన్‌క్లిసిరాన్ ఆ ప్రొటీన్ తాలూకు ఆర్ఎన్ఏను కణంలోనే తెగ్గొడుతుంది. మొదటి రెండు మోతాదులయ్యాక ఏడాదికి రెండే ఇంజెక్షన్లు, చెడు కొలెస్టరాల్ దాదాపు సగానికి పడిపోతుంది. రోజూ మాత్ర వేసుకోవడం మానేసి గుండెపోటు తెచ్చుకునేవారు మన ఊళ్లలో ఎందరో. ఆరు నెలలకోసారి ఏఎన్ఎం ఇచ్చే సూదితో వారిని కాపాడగలిగితే ఎంత మేలో ఆలోచించండి. కానీ ఒక్కో మోతాదు ధర లక్ష రూపాయలు దాటినప్పుడు అది కార్పొరేట్ ఆసుపత్రుల గుమ్మం దాటి రాదు.

ఈ శాస్త్రం పరిమితులు కూడా పాఠకులకు చెప్పాలి. ఇప్పటిదాకా వచ్చిన ఇలాంటి మందుల్లో ఎక్కువ భాగం కాలేయానికి సంబంధించినవే. కాలేయ కణాలు మాత్రమే గుర్తుపట్టి లోపలికి తీసుకునే ఒక చక్కెర అణువును మందుకు తగిలించే కిటుకు దొరికింది. గుండె, మూత్రపిండం, మెదడు, క్లోమగ్రంథి కణాలకు అంత నమ్మకమైన దారి ఇంకా దొరకలేదు. కేన్సర్ మీద ప్రయోగించిన ఒక మైక్రో ఆర్ఎన్ఏ మందు రోగుల్లో తీవ్రమైన రోగనిరోధక ప్రతిచర్య తేవడంతో 2016లో పరీక్షలు ఆపేశారు. ఆర్ఎన్ఏ పేరు చెప్పి కేన్సర్ నయం చేస్తామని, వయసు తగ్గిస్తామని ప్రకటనలు ఇచ్చే క్లినిక్కులను నమ్మొద్దు.

మెసెంజర్ ఆర్ఎన్ఏ వ్యాక్సిన్ల సంగతి కోవిడ్‌తో ఇంటింటికీ తెలిసింది. బయటి ఆర్ఎన్ఏను శరీరం శత్రువుగా చూసి మంట పుట్టిస్తుంది. అందులోని 'యు' అక్షరాన్ని కొద్దిగా మారిస్తే ఆ మంట చల్లారుతుందని కాటలిన్ కారికో, డ్రూ వైస్‌మన్ 2005లోనే రాశారు. అప్పట్లో పట్టించుకున్నవారు తక్కువ. అంతకు పదేళ్ల ముందే కారికో హోదాను ఆమె పనిచేసే విశ్వవిద్యాలయం తగ్గించింది. 2023లో ఆ ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఇదే పద్ధతిలో రోగి కణితిలోని మార్పులు చదివి, ఆ రోగికి మాత్రమే పనికొచ్చే కేన్సర్ వ్యాక్సిన్లు తయారుచేస్తున్నారు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌లో వినోద్ బాలచంద్రన్ బృందం క్లోమగ్రంథి కేన్సర్ రోగులు 16 మందికి ఇచ్చి చూస్తే 8 మందిలో రోగనిరోధక వ్యవస్థ మేలుకుంది. సంఖ్య చిన్నది, కానీ ఆ కేన్సర్ ఎంత ప్రాణాంతకమో తెలిసినవారికి ఇది మంచి కబురే.

ఈ ఆర్ఎన్ఏ తయారీకి జీవకణాలు పెంచనక్కర్లేదు. తొట్టెలో ఒక డీఎన్ఏ మూస, ఒక ఎంజైమ్, నాలుగు రకాల న్యూక్లియోటైడ్లు కలిపితే గంటల్లో ఆర్ఎన్ఏ పోగులు అల్లుకుంటాయి. ఆ నాలుగింటిలో ఒకటి ఏటీపీ. దాన్ని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి వేరు చేసింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. కణానికి శక్తినిచ్చే పదార్థంగానే ఆయన పేరుతో ఏటీపీని తలుచుకుంటాం. ఆర్ఎన్ఏలోని 'ఎ' అక్షరం కూడా దాని నుంచే వస్తుంది.

సుబ్బారావు పుట్టిన నేలలో ఇప్పుడేం జరుగుతోంది? 2022 మేలో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు సొంతంగా కోవిడ్ మెసెంజర్ ఆర్ఎన్ఏ వ్యాక్సిన్ నమూనా తయారు చేసి చూపించారు. అంతకు నెల ముందు ప్రపంచ ఆరోగ్య సంస్థ, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ కేంద్రంలో అభివృద్ధి చేస్తున్న పరిజ్ఞానాన్ని అందుకోవడానికి హైదరాబాద్‌లోని బయాలజికల్ ఇ కంపెనీని ఎంపిక చేసింది. ఆ జూన్‌లో పుణెకు చెందిన జెనోవా వ్యాక్సిన్‌కు అత్యవసర అనుమతి దక్కింది. మైనస్ 70 డిగ్రీల ఫ్రీజర్లు అక్కర్లేకుండా మామూలు వ్యాక్సిన్ ఫ్రిజ్‌లో ఉంచగలిగిన రకమది, మన పల్లెలకు సరిపోయేది. 2024లో, ఆర్ఎన్ఏ మందులకు కావలసిన ముడిపదార్థాలు చేసే హైదరాబాద్ సంస్థ సపలా ఆర్గానిక్స్‌లో మెజారిటీ వాటాను సువెన్ ఫార్మా కొన్నది. ముక్కలన్నీ చేతికందే దూరంలో ఉన్నాయి. వాటిని కలిపి నడిపే జాతీయ ఆర్ఎన్ఏ కార్యక్రమం మనకు కావాలి. కోవిడ్ తగ్గగానే ఆ ఊపు పోవడం మంచిది కాదు.

తొందర అవసరమనడానికి కారణముంది. 2025 ఆగస్టులో అమెరికా ఆరోగ్య శాఖ 22 మెసెంజర్ ఆర్ఎన్ఏ వ్యాక్సిన్ ప్రాజెక్టులను రద్దు చేసింది. వాటి విలువ దాదాపు 50 కోట్ల డాలర్లు. శాస్త్రం కంటే అపనమ్మకానికి విలువిచ్చిన నిర్ణయమది. పెద్ద దేశం వెనక్కి తగ్గినప్పుడు ఆ ఖాళీని పూరించేవారు కావాలి. మనం పరిశోధనకు స్థూల దేశీయోత్పత్తిలో ఖర్చు పెడుతున్నది 0.64 శాతమే. ఆ అంకెతో ఖాళీ పూరించలేం. రిస్డిప్లామ్ మామూలు రసాయన అణువు కాబట్టి మన కంపెనీలకు కొట్టినపిండి. నుసినెర్సెన్ తరహా పోగులు, కొవ్వు బిందువుల్లో పొదిగిన మెసెంజర్ ఆర్ఎన్ఏలు అంత తేలిగ్గా కాపీ చేయలేం. పదేళ్ల తర్వాత ఏ కోర్టు తీర్పు మనకు అనుకూలంగా వచ్చినా తయారుచేసే చేతులు లేకపోతే ప్రయోజనం ఉండదు.

2025 మేలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో కిరణ్ ముసునూరు, రెబెకా అహ్రెన్స్-నిక్లాస్ బృందం ఒకే ఒక్క పసిబిడ్డ కోసం తయారుచేసిన మందు వివరాలు వెలువడ్డాయి. కాలేయంలో ఎంజైమ్ లోపంతో రక్తంలో అమ్మోనియా పేరుకుపోయే బిడ్డ అది. ఆ బిడ్డ జన్యువులోని తప్పు అక్షరాన్ని దిద్దే ఎంజైమ్‌ను తయారుచేసే మెసెంజర్ ఆర్ఎన్ఏ, దిద్దాల్సిన చోటు చూపే మరో ఆర్ఎన్ఏ, రెండూ ఒకే కొవ్వు బిందువులో. ఆరు నెలల్లో సిద్ధం చేశారు. తర్వాతి బిడ్డకు అదే మందులో దారి చూపే ఆర్ఎన్ఏ అక్షరాలు మార్చితే చాలు, ఎక్కువ భాగం అలాగే ఉంటుంది. మేనరికాలు ఇంకా సాగుతున్న మన ప్రాంతంలో ఇలాంటి అరుదైన జన్యు జబ్బుల బరువు ఎక్కువ. ఒక్కో జబ్బుకు రోగులు పదుల్లోనే ఉన్నా, అన్నీ కలిపితే వేలల్లో ఉంటారు. అక్షరాలు మార్చి వాడే ఈ పద్ధతికి తగ్గట్టుగా, ప్రతి మందుకూ మొదటి నుంచి మొత్తం పరీక్షలు అడగని అనుమతి విధానాన్ని మన ఔషధ నియంత్రణ సంస్థ ఇప్పటినుంచే రాసుకోవాలి.

అంతకంటే ముందు, చేతిలో ఉన్నదాన్ని వాడుకోవాలి. 2021 నాటి జాతీయ అరుదైన జబ్బుల విధానం కింద రోగికి 50 లక్షల వరకు సాయం అందుతుంది. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థ, నిమ్స్ ఆసుపత్రి కలిసి ఆ విధానంలో గుర్తింపు పొందిన కేంద్రంగా పనిచేస్తున్నాయి. పాత ధరల్లో పెద్ద పిల్లలకు ఆ 50 లక్షలు నాలుగు నెలలకు కూడా సరిపోయేవి కావు. కొత్త ధరలో పదేళ్లు వస్తాయి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు. రిస్డిప్లామ్ ఏడాది ఖర్చు 4.8 లక్షలు. పసిపిల్లలకు మోతాదు బరువును బట్టి కాబట్టి ఇంకా తక్కువ. ఆసుపత్రిలో చేరితేనే సాయం అనే నిబంధనను ఈ మందు వరకు సడలించి ఇంటికే సీసాలు పంపించడానికి రెండు రాష్ట్రాలకూ అడ్డుపడే కారణం కనబడదు. దానితోపాటు పుట్టిన బిడ్డ మడమ నుంచి తీసే రక్తపు చుక్కతో ఎస్ఎంఏ పరీక్షను ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో మొదలుపెట్టాలి. లక్షణాలు వచ్చాక ఇచ్చే మందు ఉన్న కణాలను నిలుపుతుంది, పోయినవాటిని తేలేదు. గుంటూరు, కర్నూలు, వరంగల్, నిజామాబాద్ ప్రభుత్వ ఆసుపత్రుల కాన్పు వార్డుల్లో ఈ పరీక్షకు బడ్జెట్ కేటాయిస్తారా లేదా అన్నది రెండు ఆరోగ్య శాఖలూ వచ్చే బడ్జెట్ సమావేశాల్లోనే చెప్పాలి.